తేట మహిమకి, అడుగుది మాకు

కొత్తపాలెం, అద్దంకి దగ్గర
జనవరి 18

చెల్లెలు లిడియాకి,
గంపెడు సంతోషంతో అన్నయ్య జక్రయ్య రాస్తున్నది.

దేవుడి దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను అరుస్తాను, వీధి వాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడుగుతారు. ఆ పవర్‌లూమ్ మగ్గాల మోతకి చెవులు అప్పగించేశావు, అందులో నీ తప్పేముంది. అందుకే ఉత్తరం. నా ఏడో తరగతి చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ముందు మహిమ సంగతి. మొన్న ఆదివారం చర్చిలో కంఠత వాక్యం చెప్పింది లిడియా! మైకు అందకపోతే పాస్టరు గారు స్టూలు వేయించారు. ఎక్కి నిలబడి, ఊపిరి తీసుకోకుండా, ఒక్క ముక్క వదలకుండా చెప్పి, చివర్లో "ఆమెన్, అయిపోయింది" అని దిగింది. చర్చి అంతా నవ్వు. నేను మాత్రం ఏడ్చాను. యాభై ఏడేళ్ళకి పుట్టిన బిడ్డ, దాని గొంతు మైకులో వినపడుతుంటే ఏ తండ్రి ఏడవడు?

కిందటి క్రిస్మస్‌కి నువ్వు కుట్టి పంపిన ఆకుపచ్చ గౌనే ఈ క్రిస్మస్‌కీ వేశాం. ఇప్పుడే కొలిచి కుట్టినట్టు సరిపోయింది! మా చెల్లెలి కుట్టు అంటే ఇట్లా ఉంటుందని అందరికీ చూపించాను.

మీ వదిన ఎలీసమ్మ పొద్దున్నే మిరప కోతకి వెళ్తోంది. నా మోకాళ్ళు కోతకి వంగవు గదా, అంకమ్మరావు గారి మిరప కల్లానికి కాపలా ఉంటున్నాను. ఇంట్లో వంట నాదే. కందిపప్పు మెత్తగా ఉడకబెట్టి, వెల్లుల్లి తాలింపు వేసి, కదపకుండా కాసేపు ఉంచుతాను. పైకి తేరిన తేటంతా గరిటెతో తీసి మహిమ అన్నంలో పోస్తాను. సారమంతా అందులోనే గదా. అడుగున మిగిలిన ముద్ద చిన్న పొట్టకి అరగదు, అది మేం తింటాం. కోడిని కోసినా అంతే, పులుసు దానికి, ముక్కలు మాకు. అంగన్‌వాడీలో మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడతారు గానీ, నేను ఆ వేళకి ముందే వెళ్ళి పిల్లని తెచ్చేసుకుంటాను. తండ్రి చేతిలో గరిటె ఉండగా నా కూతురు పళ్ళెం పట్టుకుని వరసలో కూర్చోవాలా? టీచరమ్మ మొన్న పిల్లలందర్నీ తూచింది. ఆ సంగతులు ఎందుకులే.

జూన్ సంగతి నువ్వు ఎత్తొద్దు. దాని బడి ఇక్కడే.

మీ ఆయన మార్కుకి నా వందనాలు.
నీ అన్నయ్య


చీరాల
జనవరి 27

అన్నయ్యకి లిడియా వందనాలు.

నీ ఉత్తరం మార్కూ, నేనూ కలిసి చదివాం. స్టూలు దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. గౌను దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది.

నీకు అర్థమవుతోందా నువ్వేం రాశావో? మూడేళ్ళ పిల్లకి కుట్టిన గౌను నాలుగేళ్ళ పిల్లకి సరిగ్గా సరిపోయిందట! ఇంట్లో కూర్చుని ఊరందరికీ కుడుతున్నదాన్ని, నాకు పిల్లల కొలతలు తెలియవా? మా వీధిలో రసూల్‌బీ మనవరాలికి అదే గుడ్డతో, అదే వారంలో కుట్టాను. ఆ పిల్లకి ఇప్పుడది మోకాళ్ళ పైకి వచ్చేసింది, చంకల్లో పట్టేస్తోంది. నా కుట్టు గొప్పది కాదు అన్నయ్యా, నీ కూతురు పెరగలేదు.

రెండోది. తూచారని రాశావు, ఎంత తూగిందో రాయలేదు. అది తుమ్మితే నాలుగు పేజీలు రాసే మనిషివి, బరువు దగ్గర "ఎందుకులే" అంటావా? చిన్నప్పుడు పరీక్ష పోయినప్పుడు నాన్నతో ఇట్లాగే "ఎందుకులే నాన్నా" అనేవాడివి.

జూన్ సంగతి ఎత్తొద్దంటే నేను ఎత్తకుండా ఉండను. మహిమ పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో నువ్వే అన్నావు, "ఈ వయసులో నేను దీన్ని సరిగ్గా పెంచలేకపోతే, బడి వయసుకి నీ దగ్గరికే పంపిస్తానమ్మా" అని. నేను అడగలేదు, నీ అంతట నువ్వే అన్నావు. ఇక్కడ స్కూలు మా ఇంటికి ఎదురుగానే ఉంది. మార్కు కూడా సరేనన్నాడు. వదిన కోతకి, నువ్వు కల్లానికి. పిల్లని చూసేది ఎవరు?

నిజం రాయి.
లిడియా


కొత్తపాలెం
ఫిబ్రవరి 6

లిడియాకి,

నీ ఉత్తరం చదివి జేబులో దాచేసుకున్నాను. ఎలీసమ్మ "ఏమైందయ్యా?" అంటే కూడా చెప్పలేదు. చివరికి ఆమే జేబులోంచి తీసుకుని చదివింది. చదివి, "లిడియా ఉన్నదే రాసింది" అని చక్కా వెళ్ళి అన్నం వడ్డించుకుంది. నా ఇంట్లో నాకు ఒక్క ఓటు కూడా లేదు.

సరే, నిజం. టీచరమ్మ గోడ మీద పటంలో గీతలు చూపించింది. ఆకుపచ్చలో ఉండాలట. మహిమ చుక్క పసుపులో పడింది. "వయసుకి తగ్గ బరువు లేదు బాబాయ్, ఎత్తు కూడా తక్కువే. ప్రొటీన్ చాలడం లేదేమో, డాక్టరుకి చూపించు" అంది. పక్కన ఆడవాళ్ళంతా ఉన్నారు. అందరివీ పాతికేళ్ళ వయసులు. నేను నవ్వుతూ బయటికి వచ్చి, మిరప చేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. నీకు ఎందుకు రాయలేదంటావా? రాస్తే నువ్వు జూన్ అంటావని. అన్నావు గదా.

కానీ నీ అన్న చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. ప్రొటీన్ కావాలి, అంతేగా! అద్దంకి వెళ్ళి బాషా షాపులో అడిగాను. ఇంత పెద్ద డబ్బా ఇచ్చాడు. దాని మీద చొక్కా లేని మనిషి బొమ్మ, ఒక్కో చెయ్యి నా తొడంత ఉంది. "ఎవరికి?" అన్నాడు. "మా ఇంట్లో వాళ్ళకి" అన్నాను. "జిమ్ముకి వెళ్తాడా?" అన్నాడు. "త్వరలో వెళ్తుంది" అన్నాను. వాడు బిత్తరపోయి చూస్తుంటే డబ్బా పట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు పొద్దున ఆ పొడి పాలల్లో, తర్వాత రెండు గుడ్లు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. పొట్టలో గుడ్లకి చోటు ఉండాలని అన్నం తగ్గించాను. మహిమ నాలుగో గుడ్డు దగ్గర నోరు బిగించి, గుడ్డు తీసుకెళ్ళి మళ్ళీ కోడి కింద పెట్టింది. నవ్వకు. వేసవి కల్లా నువ్వు గుర్తుపట్టవు దాన్ని, చూస్తూ ఉండు!

జక్రయ్య


చీరాల
ఫిబ్రవరి 12

అన్నయ్యా,

ఆ డబ్బా పిల్ల నోటికి ముట్టించకు. వస్తాదుల పొడి నాలుగేళ్ళ పిల్లకా? టీచరమ్మ డాక్టరుకి చూపించమంటే నువ్వు షాపు వాడికి చూపించావు. ఈ వారంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె అన్నది అన్నట్టు రాయి. రాయకపోతే నేనూ మార్కూ బస్సు ఎక్కుతాం, ఒట్టి చేతులతో తిరిగి రాం.

లిడియా


కొత్తపాలెం
ఫిబ్రవరి 21

లిడియాకి,

వెళ్ళాం. ముగ్గురం వెళ్ళాం. ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం వచ్చేసరికే మహిమకి కడుపునొప్పి, వాంతి. డబ్బాని ఎలీసమ్మ అటక మీదకి విసిరేసింది. అద్దంకిలో పిల్లల డాక్టరమ్మ చిన్న మనిషి, మన పెద్దమ్మ మనవరాలంత ఉంటుంది. తూచింది, కొలిచింది, కళ్ళు చూసింది, రక్తం తీయించింది. జబ్బేమీ లేదంది. హమ్మయ్య అనుకున్నాను.

"మరి ఏం పెడుతున్నారు?" అంది.

నేను కుర్చీలో ముందుకి జరిగి గర్వంగా మొదలెట్టాను. "పప్పు లేని రోజు లేదమ్మా. నా చేత్తో నేనే వండుతాను."

"ఎంత పెడతారు?"

"గరిటెల కొద్దీ. తేటంతా దానిదే."

రాస్తున్నదల్లా పెన్ను ఆపింది. "తేట పాపకి పోస్తే, అడుగున పప్పు ఎవరు తింటున్నారు?"

"నేనూ, మా ఆవిడా. పారబోసుకోం గదమ్మా."

"కోడికూర వండితే?"

"పులుసు దానికి. ముక్కలు..." అని ఆగిపోయాను. ఏదో తేడాగా వినపడింది నా గొంతు నాకే. "ముక్కలు మేం తింటాం."

ఆమె మహిమ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నా బుగ్గల వంక చూసింది లిడియా. ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పెద్దాయనా," అంది, "తేటలో రుచి ఉంటుంది, ఉప్పు ఉంటుంది. మీరు పాపకి ఇవ్వాలనుకున్న బలం చాలామటుకు అడుగున ముద్దలోనే ఉండిపోతుంది. పులుసు కూడా అంతే, ఆ బలం ముక్కలో ఉంటుంది. మీరు మంచిదని ఏరి ఏరి పాపకి పెట్టింది నీళ్ళు. మిగిలిందని మీరు తిన్నది పాప తిండి."

ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ వినపడలేదు. నీ చెవుల్లో మోత ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఎలీసమ్మే అన్నీ అడిగింది. ముద్దపప్పు మెత్తగా మెదిపి రెండు పూటలా అన్నంలో కలపాలట. రోజుకో గుడ్డు చాలట. ఒక గ్లాసు పాలు, కాస్త పెరుగు. కోడి వండిన రోజున ముక్కని సన్నగా చీల్చి పెట్టాలట. వేరుశనగలు పొడి చేసి పెట్టొచ్చట. ఈ వయసు పిల్లకి అంతే చాలు, గుడ్లు కుక్కక్కర్లేదు, పొడి అసలే అక్కర్లేదు అంది. అన్నం తగ్గించానని చెబితే తిట్టింది. ఆడుకోవడానికి కావాల్సిన శక్తి అన్నం, నూనె ఇవ్వకపోతే, ఒళ్ళు పెరగడానికి తిన్న పప్పూ గుడ్డూ కూడా దానికే కరిగిపోతాయట.

లేవబోతూ అడిగాను, "నేను ముసలివాణ్ణి కావడం వల్లే ఇట్లా అయిందా అమ్మా?" అని. "పాతికేళ్ళ తల్లులు కూడా వారానికి ఒకరు ఈ తేట సంగతే చెబుతారు. మీరొక్కరే కాదు" అంది. మర్యాదకి అందేమో.

నాలుగేళ్ళ బిడ్డ ఎదురుగా కూర్చుని దాని తిండి నేను తిన్నాను. ప్రేమగా, రోజూ, వేళ్ళు నాక్కుంటూ తిన్నాను. జూన్‌లో నువ్వు తీసుకెళ్తానంటే ఇక నేను అడ్డం చెప్పలేను. అన్న మాట అన్నదే.

జక్రయ్య


చీరాల
మార్చి 2

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నీ బుగ్గల దగ్గర మార్కు పడీ పడీ నవ్వాడు. తర్వాత తను కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

నువ్వు ఒక్కడివే కాదు. వదిన బాలింతగా ఉన్నప్పుడు నేనే చెప్పాను, "పిల్ల అన్నం మొదలుపెట్టాక తేట పొయ్యి వదినా, ముద్ద పెట్టకు, అరగదు" అని. అమ్మ అట్లాగే చేసేది. తేట మనకి పోసి, అడుగున పప్పు నాన్నకి వేసేది, తను చారు పోసుకునేది. అమ్మ మన ముగ్గురిలో ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. నువ్వూ అంతే.

ఇంకోటి రాయాలి. రాయకుండా ఉంటే నీకంటే దొంగని అవుతాను. మహిమ బరువు తక్కువని అనుమానం వచ్చినప్పుడు నాకు బాధ వేసింది, అబద్ధం కాదు. దాని వెనకే ఒక ఆశ కూడా లేచింది. అయితే జూన్‌లో మా ఇంటికి వస్తుందన్నమాట అని. మార్కు అప్పుడే కిటికీ పక్కన చిన్న మంచం వేయించాడు. నేను దుప్పటి కుట్టాను. మాకు పిల్లలు లేరు, ఇంట్లో నాకు ఏ చప్పుడూ వినపడదు, కనీసం ఒక పిల్ల అటూ ఇటూ తిరుగుతుంటే చూడాలనిపించింది. అంతే తప్ప నీ పెంపకం మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

అయినా మంచం తీసేయమని మార్కుకి చెప్పలేదు. నువ్వు నీ మాట మీద ఉండు, నేను నా మాట మీద ఉంటాను. జూన్‌లో మళ్ళీ తూస్తారు గదా. చుక్క పైకి పోతూ ఉంటే మహిమ నీది. పోకపోతే నాకివ్వు. మధ్యలో నన్ను చూసి భయపడి అబద్ధాలు రాయకు.

లిడియా


కొత్తపాలెం
ఏప్రిల్ 19

లిడియాకి,

ఈస్టరు రోజంతా నువ్వు రాసిన ఆ చిన్న మంచం నా కళ్ళ ముందే ఉంది. కోపం లేదమ్మా. నాకు ఉంటే నీకు ఉండదా ఆశ?

ఇక్కడి యుద్ధం విను. మహిమకి తేట అలవాటై ముద్దపప్పు నోట్లోకి పోలేదు. నాలిక మీదే పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, నా వంక దీనంగా చూసేది. నేను కరిగిపోయేవాణ్ణి. ఎలీసమ్మ కరగలేదు. "మింగేదాకా ఇద్దరూ లెగవొద్దు" అంది. దాంతో నేనూ శిక్షలో పడ్డాను. చివరికి నేనే ఒక ఉపాయం చేశాను. చిటికెడు పప్పు, ఎక్కువ అన్నం, కాస్త నెయ్యి, ఉసిరికాయంత ముద్దలు. రోజు రోజుకీ పప్పు కొంచెం పెంచుతూ పోయాను. ఇప్పుడు పళ్ళెంలో పప్పు పసుపు కనపడకపోతే "నాన్నా, ఇందులో ఏం లేదు" అని తోసేస్తోంది!

అంగన్‌వాడీలో అన్నం వేళకి అక్కడే ఉంచేస్తున్నాను. మొదటిరోజు కిటికీలోంచి చూశాను. వరసలో కూర్చుని, పక్క పిల్లతో కబుర్లు చెబుతూ, గుడ్డు పచ్చసొనతో సహా తినేసింది. నా దగ్గర ఏనాడూ పచ్చసొన ముట్టలేదు లిడియా. టీచరమ్మ నన్ను చూసి, "ఏం బాబాయ్, మా వంట పనికొస్తుందా?" అని ఎగతాళి చేసింది. "ఉప్పు తక్కువైంది" అని చెప్పి వచ్చేశాను. ఊరికే ఓడిపోతానా!

సాయంత్రాలు ఉడకబెట్టిన అలసందలు జేబులో పోసుకుని కల్లానికి వస్తుంది. ఆరబోసిన మిరప చుట్టూ తిరుగుతూ, తుమ్ముతూ, తింటూ ఉంటుంది. అంకమ్మరావు గారు, "జక్రయ్యా, నీ కూతురు కల్లం చుట్టూ తిరిగితే నువ్వెందుకు కాపలా?" అన్నారు. నిజమే, ఈ మధ్య నాకంటే అదే ఎక్కువ తిరుగుతోంది.

బరువు మాత్రం అడగొద్దు. దాచడం కాదు. నేనే తూయించలేదు. రోజూ తూస్తే రోజూ చస్తాను. జూన్‌లో ఒక్కసారే.

జక్రయ్య


చీరాల
మే 8

అన్నయ్యా,

ముద్దపప్పు కథ రసూల్‌బీకి చదివి వినిపించాను. వాళ్ళ ఇంట్లో కూడా ఇప్పుడు చంటి మనవడికి తేటేనట. నా పక్కనే కూర్చుని కోడలికి ఫోను చేసి అరిచింది. ఆ అరుపు నాకు కూడా వినపడింది.

మొదట్లో రోజూ ఆ మంచం వంక చూసేదాన్ని. ఈ మధ్య దాని మీద కుట్టిన బట్టలు మడిచి పెడుతున్నాను. మహిమ నాకు రావాలని ప్రార్థన చేయడం మానేశాను అన్నయ్యా. బరువెక్కాలని చేస్తున్నాను. రెండూ ఒకేసారి అడగడానికి నోరు రాలేదు.

తూచిన రోజే రాయి.
లిడియా


కొత్తపాలెం
జూన్ 14

నా చెల్లెలు లిడియాకి, మార్కుకి,
నేల మీద కాళ్ళు ఆనకుండా జక్రయ్య రాస్తున్నది!

ఆకుపచ్చ! ఆకుపచ్చ లిడియా! గీత దాటి పడింది చుక్క. టీచరమ్మ పెన్సిలు పట్టుకుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ఎలీసమ్మ నా చెయ్యి గిల్లింది. కళ్ళు తెరిచి చూస్తే ఆకుపచ్చ. గీతకి కొంచెమే పైన, అది కూడా నిజమే రాస్తున్నాను, ఎత్తు ఇంకా అందుకోవాలి. ఎత్తుకి టైము పడుతుంది, ఇట్లాగే పెడుతూ ఉండండి అంది. నేను గట్టిగా స్తోత్రం చెప్పాను. తూకంలో ఉన్న ఇంకో పిల్లాడు జడుసుకుని ఏడుపు అందుకున్నాడు.

అంతటితో ఆగలేదు. టీచరమ్మ అక్కడున్న తల్లులందరితో, "తేట సంగతి బాబాయ్ చెబుతాడు వినండి" అంది. అంతమంది ఆడపిల్లల మధ్య నేనొక్కణ్ణే మగవాణ్ణి, అందరికంటే ముసలివాణ్ణి. లేచి చెప్పాను. పప్పు గిన్నె తెప్పించి, తేట ఒక గ్లాసులోకి, ముద్ద ఒక గ్లాసులోకి తీసి చూపించాను. "ఇది నా కూతురికి పోశాను, ఇది నేను తిన్నాను. మీరు మార్చి పెట్టండమ్మా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి తన పిల్లాడి వంక చూసి తల దించుకుంది. ఆమెతో, "బాధపడకమ్మా, నా పిల్లని చూడు" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

బుధవారం బడిలో వేశాం. ఇక్కడి బడిలోనే. నీ మాట మీద నువ్వు నిలబడ్డావు, అది నేను మర్చిపోను.

ఇప్పుడు నా మాట విను. నిన్న బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడింది. ఎప్పట్లా చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాను. లేవలేదు. ఇంకోసారి పట్టాను, నడుం పట్టేసింది. అట్లాగే వంగిపోయి వీధిలో నిలబడ్డాను. మహిమ "నాన్నా, నేను బరువెక్కాను గదా?" అని అడుగుతోంది, ఎలీసమ్మ గుమ్మంలోంచి కేకలేస్తోంది, నాకేమో నవ్వు ఆగడం లేదు. కూతుర్ని ఎత్తుకోలేక ఇంత సంతోషపడిన తండ్రి ఈ జిల్లాలో ఉండడు.

మిరప కోతలు మొదలైతే ఎలీసమ్మ చేలో, నేను కల్లంలో ఉంటాం. సాయంత్రం బడి విడిచాక దానికి ఎదురెళ్ళే మనిషి కావాలి. కుట్టుమిషను ఆటోలో పడుతుందని మార్కుకి చెప్పు, ఆ చిన్న మంచం కూడా పడుతుంది. ముందు గది ఖాళీ చేసి సున్నం కొట్టించాను. మీ ఇద్దరూ ఇక్కడికే వచ్చేయండి. నా నడుం ఇక లేవదు. వచ్చి దాన్ని నువ్వెత్తుకో.

నీ అన్నయ్య